విధవరాలి యింటిలోని నూనెకుండ

పాఠ్యభాగము: 2 రాజులు 4:1–7
కలిపి చదువవలసినవి: ద్వితీయోపదేశకాండము 24:14–15, సామెతలు 31:10–31, అపొస్తలుల కార్యములు 9:36–42, యాకోబు 5:4



మన పామిడి పెన్నానది ఒడ్డున నున్న ఊరు. అయినను సంవత్సరములో అనేక మాసములు ఏటిలో మనకు కనబడునది నీరు కాదు, ఇసుక. అనంతపురము జిల్లాకు సాలుకు కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అదియు అదనుకు కురియుననుట దుర్లభము. ఎక్కువ మంది రైతులు వేరుశనగ పంటనే నమ్ముకొని యున్నారు. వాన తప్పినచో చేనిలో పని లేదు; పని లేనిచో కూలి లేదు. మగవారు బెంగుళూరు దారి పట్టుదురు. ముసలివారు, పిల్లలు, అప్పు – ఈ మూడును ఇంటియొద్ద స్త్రీ చేతిలో మిగులును.

పని యెక్కడ దొరికిన అక్కడికి ఆమె తెల్లవారకముందే బయలుదేరవలెను. 2021 నవంబరులో పామిడి సమీపమున జాతీయ రహదారిపై ప్రమాదము జరిగి, ప్రత్తి తీయుటకు ఆటోలో పోవుచున్న కూలి స్త్రీలు అయిదుగురు ప్రాణములు కోల్పోయిరి. ఒక దినపు కూలికై బయలుదేరిన తల్లులు వారు. ఇంటికి దగ్గరలో, నిలుకడగా, న్యాయమైన కూలి దొరకు పని బీద స్త్రీకి ఎంత అవసరమో చెప్పుటకు ఇంతకంటె వేరు సాక్ష్యమేల? ఈ మాసపు పాఠములో ఆ సంగతి యోచింతము.

1. ప్రవక్త అడిగిన ప్రశ్న

మన పాఠములోని స్త్రీ భర్తను పోగొట్టుకొన్నది. ఆమె భర్త దైవభక్తి గలవాడే. అయినను అప్పు మిగిల్చి పోయెను. అప్పులవాడు ఆమె యిద్దరు కుమారులను దాసులుగా పట్టుకొనిపోవుటకు వచ్చియున్నాడు. ఆమె ఎలీషాకు మొఱ్ఱపెట్టెను.

ఎలీషా ఏమి చేసెనో గమనించుడి. ఆయన చందా వసూలు చేయలేదు. ఆమెకు బుద్ధులు చెప్పి పంపివేయలేదు. నేను నీకేమి చేయవలెనని మొదట ఆమెనే అడిగెను. పిమ్మట ఇంటిలో ఏమున్నదని అడిగెను. నూనెకుండ తప్ప మరేమియు లేదని ఆమె చెప్పెను. ఆ కుండ చాలునని ప్రవక్త ఎంచెను. ఇరుగుపొరుగు వారియొద్ద ఖాళీ పాత్రలు, కొన్ని కాదు, విస్తారముగా అడిగి తెచ్చుకొమ్మనెను. ఆమె కుమారులు పాత్రలు అందించిరి, ఆమె పోసెను. నూనె అమ్మి, అప్పు తీర్చి, మిగిలిన దానితో నీవును నీ కుమారులును బ్రదుకుడని ఎలీషా ఆమెకు చెప్పెను.

ఇందులో మూడు భాగములున్నవి: నూనె, పాత్రలు, అమ్మకము. ఈ మూడింటిలో ఏ యొక్కటి లోపించినను ఆ బిడ్డలు దాసులై పోవువారే. మన కాలములో బీద స్త్రీకి తోడ్పడ గోరువారు సాధారణముగా మొదటి భాగము చేసి, తక్కిన రెండును మరచుచున్నారు.

2. నూనె: చేతికి వచ్చిన పని

నూనె అనగా చేతి విద్య. మన పామిడి బట్టల వ్యాపారమునకును, నైటీల కుట్టుపనికిని పేరుపొందిన ఊరు. ఇక్కడ కుట్టు నేర్చుకొన్న స్త్రీకి తన వీధిలోనే పని కలదు. వచ్చిన విద్యను దొంగ ఎత్తుకొనిపోలేడు, కరవు ఎండగట్టలేదు.

నేర్పు స్థలములు కూడ లేకపోలేదు. 1982లో కర్నాటక రాష్ట్రములోని ఉజిరెలో ధర్మస్థల సంస్థయు, సిండికేట్, కెనరా బ్యాంకులును కలిసి రుడ్‌సెట్ అను శిక్షణ సంస్థను స్థాపించినవి. దాని శాఖ అనంతపురములో కలదు. భోజనము, బస కలిపి ఉచితముగా పని నేర్పుట, నేర్చినవారిని అంతటితో విడువక రెండేండ్లు వెంట నుండి కనిపెట్టుట దాని పద్ధతి. దీనిని చూచియే కేంద్ర ప్రభుత్వము జిల్లా జిల్లాకు ఇట్టి సంస్థలు ఉండవలెనని తలచినది. 1969లో అనంతపురము వచ్చి 2009లో మరణించు వరకు ఈ జిల్లాలోనే పనిచేసిన విన్సెంట్ ఫెర్రర్ స్థాపించిన ఆర్.డి.టి. సంస్థయు అంగవైకల్యము గల స్త్రీలకు చేతిపనులు నేర్పి, ఆ పనికి కూలి ముట్టునట్లు చేసినది. నడువలేని అమ్మాయి ఇంటికి భారమని తలచిన వారే ఆమె సంపాదన తినుట మన జిల్లా చూచినది.

యొప్పేలోని దొర్కా విధవరాండ్రకు అంగీలు కుట్టి యిచ్చెను. ఆమె చనిపోయినప్పుడు వారు ఆ బట్టలు చూపి యేడ్చిరి. అది గొప్ప ప్రేమ. అయితే బట్ట కుట్టి యిచ్చుటతో ఒక దేహము కప్పబడును. కుట్టు నేర్పుటతో ఒక యిల్లు నిలుచును. దొర్కా సూది నేటి సంఘములో చేతి నుండి చేతికి పోవలెను.

3. పాత్రలు: నిలుకడ గల పని

నూనె ఎప్పుడు ఆగెను? నూనె చాలక ఆగలేదు. ఇక పాత్ర లేనందున ఆగెను. ఈ మాట మనము జాగ్రత్తగా తలపోయవలెను. ఎన్నో సభలలో కుట్టుమిషనులు పంచిపెట్టి, ఫొటోలు తీయించుకొని పోవుదురు. ఆరు మాసములు గడచిన పిమ్మట ఆ మిషను మూలనుండి తుప్పు పట్టును, లేక తాకట్టుకు పోవును. అప్పుడు ఆమె సోమరిపోతని చెప్పుదురు. ఆమెకు నూనె యున్నది, పాత్రలు లేవు. కుట్టుటకు బట్ట ఇచ్చువారెవరు? పండుగలు గడచిన తరువాత పని యెక్కడిది? చంటిబిడ్డను ఎవరు చూచుదురు? ఓవర్‌లాక్ మిషను ఎక్కడ దొరకును?

పాత్రలు ఇరుగుపొరుగు వారివని మరువకుడి. ఒక్క స్త్రీకి ఓవర్‌లాక్ మిషను కొనుట కష్టము. పదిమందికి ఒకటి చాలును. ఒక్కతె తాను బట్ట తెచ్చి అమ్మలేదు. పదిమంది కలిసి తానుల లెక్కన కొని, తామే కత్తిరించి, తామే అమ్మవచ్చును. కుట్టుటకంటె కత్తిరించుటకు, కత్తిరించుటకంటె అమ్ముటకు ఆదాయము ఎక్కువ; కావున నేర్పువారు ఈ మూడు మెట్లును నేర్పవలెను. హాస్టలు దుప్పట్లు, బడిపిల్లల దుస్తులు మొదలగు పండుగలతో నిమిత్తము లేని పనులను కూడ వెదకవలెను.

మన రాష్ట్రములో డ్వాక్రా సంఘములు చూపిన బలము ఇదియే. 1982లో ఆరంభమైన ఆ పథకము పది పదిహేనుమంది స్త్రీలను ఒకచోట చేర్చి పొదుపు నేర్పినది. అయితే ఇందులోనే ఒక హెచ్చరిక యున్నది. అప్పు వేరు, జీవనోపాధి వేరు. పని లేని యింటికి అప్పు వచ్చినచో అది పాత్ర కాదు, కన్నము. సూక్ష్మఋణ కంపెనీల వారపు వసూళ్ల ఒత్తిడికి కుటుంబములు నలిగిపోగా, 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆర్డినెన్సు తెచ్చి వారిని అదుపుచేయవలసి వచ్చెను. ఎలీషా పాత్రలను ఎరవు తెచ్చుకొమ్మనెనే గాని ఒక అప్పు తీర్చుటకు మరియొక అప్పు చేయుమని చెప్పలేదు.

4. అమ్మకము: ఆమె చేతుల ఫలము ఆమెకే

మూడవ భాగమే మిక్కిలి మరువబడునది. గోదావరి డెల్టాలోని నరసాపురము అల్లికలను గూర్చి మీరు వినియుందురు. 19వ శతాబ్దములో ప్రొటెస్టెంటు మిషనెరీలు అక్కడి బీద స్త్రీలకు లేసు అల్లుట నేర్పిరి. ఉద్దేశము మంచిది, పని అందమైనది, 2024లో ఆ అల్లికకు భౌగోళిక గుర్తింపు కూడ లభించెను. కాని 1982లో మరియా మీస్ అను జర్మను పరిశోధకురాలు ఆ స్త్రీలను గూర్చి ఒక పుస్తకము ప్రచురించి మరియొక సంగతి బయలుపరచెను. లేసు సముద్రములు దాటి అమ్ముడుపోయినను అల్లిన చేతులకు ముట్టినది స్వల్పము. ఇంట కూర్చుండి పనిచేయుచున్నారు గనుక వారిని పనివారని ఎంచక, తీరికవేళ అల్లుకొను గృహిణులని లెక్కించిరి. వ్యాపారులు మేడలు కట్టిరి. మన సంఘముల పితరులు నేర్పిన విద్య గనుక ఈ పాఠము మనము ముందుగా నేర్చుకొనవలెను: విద్య నేర్పి కూలి సంగతి విడిచిపెట్టినచో, ఒకరి చెర నుండి తీసి మరియొకరి చెరలో వేసినట్లే.

సామెతలు 31లోని స్త్రీని మనము పెండ్లి ప్రసంగములలో తలంచుదుము. ఆమె బట్ట నేసి వర్తకులకు అమ్మెను. తన వ్యాపారము లాభసాటిగా నున్నదో లేదో ఎరిగియుండెను. లెక్క తెలిసిన స్త్రీ! మన సహోదరీలును లెక్క నేర్వవలెను. ఉదాహరణకు ఒక సహోదరి దినమునకు 25 నైటీలు కుట్టుననియు, ఒక్కొక్కదానికి 10 రూపాయలు కూలి యనియు అనుకొందము. చేతికి వచ్చునది 250. దారము, సూదులు, నూనె, కరెంటు 40 రూపాయలు. మిషను వాయిదా దినమునకు 30. మిగిలినది 180. ఆమె 9 గంటలు కుట్టినచో గంటకు 20 రూపాయలు. కూతురు బడి మాని 3 గంటలు గుండీలు కుట్టినచో మొత్తము 12 గంటలు; గంటకు 15 మాత్రమే. ఈ అంకెలు లెక్క నేర్పుటకే. మీ మీ అంకెలు వేసికొని చూడుడి. 250 వచ్చెనని సంతోషించిన యిల్లు గంటకు 15 అని తెలిసిన దినమున షావుకారుతో వేరు విధముగా మాటలాడును. ఒక్కతె అడిగినచో పని పోవును. పదిమంది అడిగినచో రేటు మారును. 1972లో ఇలా భట్ అహమ్మదాబాదులో స్థాపించిన సేవా సంస్థ ఇట్లే బీద స్త్రీలను కూడగట్టెను. ఇంట కూర్చుండి పనిచేయువారును పనివారేయని 1996లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒడంబడిక చేసెను.

కూలి ఆలస్యము చేయుట కూడ పాపమని ధర్మశాస్త్రము బోధించుచున్నది. బీదవాని కూలి ప్రొద్దుగ్రుంకకముందే ముట్టవలెను. ఇది పాతకాలపు మాట యనుకొనవద్దు. 2006 ఫిబ్రవరి 2న మన జిల్లా నార్పల మండలములోని బండ్లపల్లిలోనే గ్రామీణ ఉపాధి హామీ పథకము ఆరంభింపబడెను. ఇంటికి 100 దినముల పని, స్త్రీపురుషులకు సమానమైన కూలి, 15 దినములలో చెల్లింపు అని 2005 నాటి ఆ చట్టము చెప్పెను. కూలి ఆలస్యమైన కాలములలో పేదలు పడిన పాట్లు మన యెరుకలోనివే. యాకోబు చెప్పినట్లు బిగబట్టిన కూలికి నోరున్నది. అది దేవుని చెవిని చేరును. మనలో అంగడి గలవారు, కుట్టుపని యిచ్చువారు ఉన్నచో, ఆదివారము కానుక వేయుటకు ముందు శనివారము లెక్క తీర్చవలెను.

5. సంఘము ఏమి చేయగలదు?

తరచు మన చెవిని పడు సంభాషణ ఇది. “ఏమమ్మా, ఈ మధ్య గుడికి రావడము లేదేమి?” “రావలెననే యున్నది అయ్యగారూ. ఆదివారమైనా కూలి దొరికితే పోవలసిందే. పిల్లల ఫీజు కట్టవలె.” ఆమెను గద్దించుటకు ముందు ఎలీషా ప్రశ్న అడుగుదము: అమ్మా, నీ యింటిలో ఏమున్నది?

ఆదివారము గాక తక్కిన ఆరు దినములు మన గుడి ప్రక్క గది తాళము వేసియుండును. దానిని తెరచి నాలుగు మిషనులు పెట్టవచ్చును. కుట్టు వచ్చిన అక్కలు రాని చెల్లెండ్రకు నేర్పవచ్చును. పిల్లలను చూచుటకు ఒక అవ్వను నియమించి ఆమెకును కూలి ఇయ్యవచ్చును. యౌవనులు లెక్కపుస్తకము వ్రాయుట నేర్పవచ్చును. ఈ గది మన సంఘపు స్త్రీలకే గాక ఊరిలోని ప్రతి బీద స్త్రీకి తెరచియుండవలెను. ఆకలి ఏ మతమని ఎవరును అడుగరు గదా. సంపాదన ఆమె పేరనే బ్యాంకులో నుండునట్లు చూడవలెను. భర్త చేతి మీదుగా సారాయంగడికి పోవు కూలి ఆ యింటిని నిలువబెట్టదు.

ఆ విధవరాలి కుమారులు తల్లికి పాత్రలు అందించిరని చదివితిమి. మగవారలారా, మీ వంతు అదియే. ఆమె మిషను మీద కూర్చుండగా నీళ్లు తెచ్చుట, పొయ్యి వెలిగించుట తక్కువ పని కాదు.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. మన వీధిలో పని వచ్చియు పాత్రలు లేక ఆగిపోయిన సహోదరి ఎవరు? ఆమెకు కొదువైనది ఏది – మిషనా, బట్టయా, బిడ్డను చూచువారా?
2. మనము ఇతరులకు ఇయ్యవలసిన కూలి ఏదైనను మన యొద్ద నిలిచియున్నదా?
3. మన యింటిలోని స్త్రీ గంటకు ఎంత సంపాదించుచున్నదో మనము ఎన్నడైన లెక్క వేసితిమా?
4. మన గుడి గది తాళపుచెవి వారములో ఎన్ని దినములు బీదల చేతిలో ఉండగలదు?

ప్రార్థన

విధవరాండ్రకు న్యాయము తీర్చు తండ్రీ, మా ఊరి తల్లుల చేతులను ఆశీర్వదించుము. వారికి నేర్పు ఓపికను, వారితో పంచుకొను మనస్సును, వారి కూలి బిగబట్టని భయమును మాకు దయచేయుము. తెల్లవారుజామున పనికి పోవు ప్రతి స్త్రీని క్షేమముగా ఇంటికి చేర్చుము. ఆమేన్.