అవ్వ ముఖం గళ్ళు గళ్ళుగా ఎందుకు విరిగింది?

ఈ సంచికకి సైన్సు పాఠం నన్ను రాయమన్నారు. కొంచెం లెక్కలున్నాయి గానీ భయపడకండి, అన్నీ గుణకారాలు, భాగహారాలే.

ఆదివారం మనకి తలా ఐదు నిమిషాలు ఇంటికి వీడియో కాల్ ఇస్తారు గదా. నెల క్రితం నా వంతులో అవ్వ వచ్చింది. "బాగున్నానురా" అంటోంది. చూస్తే ముఖమంతా గళ్ళు, ముక్కు ఒకచోట, నోరు ఒకచోట. వెనక చింతకొమ్మలు కూడా చెదిరిపోయాయి. కానీ పక్కనే ఉన్న పాత బడి సున్నం గోడ మాత్రం శుభ్రంగా ఉంది! ఈలోగా టైము అయిపోయింది. నాకు ఏడుపొచ్చింది. ఫోన్ పాడైందిరా అన్నాడు నా వెనక ఉన్నవాడు. ఫోన్ పాడైతే గోడ కూడా చెడాలి గదా? సైన్సు సారుని అడిగాను. ఆయన వారం రోజులు చెప్పారు.

ముందు పాత వీసీడీ సంగతి తీసుకుందాం, లెక్క సులువు. వీసీడీలో ఒక బొమ్మకి అడ్డంగా 352, నిలువుగా 288 చుక్కలు. మొత్తం 1,01,376. ఒక్కో చుక్కకి మూడు బైట్లు. సెకనుకి 25 బొమ్మలు. గుణిస్తే సెకనుకి 76,03,200 బైట్లు. వీసీడీ ప్లేయర్ సెకనుకి చదవగలిగేది 1,74,300 బైట్లే, అందులో పాటలకీ మాటలకీ కూడా వాటా ఉంది. అంటే సుమారు నలభై నాలుగు బస్తాల సరుకు ఒక్క బస్తాలో కుక్కాలి. 1993లో ప్రమాణంగా వచ్చిన ఎంపెగ్-1 ఈ పని చేసింది.

మొదటి ఉపాయం మన కంటి బలహీనత మీద ఆధారపడింది. కన్ను వెలుగునీడల్ని బాగా పట్టుకుంటుంది, రంగుల్ని అంత బాగా పట్టుకోదు. అందుకని వెలుగు ప్రతి చుక్కకీ రాసి, రంగు మాత్రం నాలుగు చుక్కలకి కలిపి ఒకసారి రాస్తారు. పన్నెండు అంకెల చోట ఆరు. ఇక్కడే సగం పోయింది, ఎవరికీ తెలియలేదు.

రెండోది మన హాజరు పట్టీ లాంటిది. రోజూ అందరి పేర్లు రాసే బదులు "నిన్నటిలాగే, ముగ్గురు రాలేదు" అని రాస్తే సరిపోదా? అలాగే ముందు ఒక పూర్తి బొమ్మ పంపి, తరవాత తేడాలు మాత్రమే పంపుతారు. కదలని గోడకి దాదాపు ఖర్చే లేదు. కదిలినదాన్ని 16 చుక్కల చదరాలుగా కోసి, "ఈ చదరం ఇంత కుడికి, ఇంత కిందికి జరిగింది" అని రాస్తారు. ఎటు జరిగిందో వెతకాలంటే, అటూ ఇటూ, పైకీ కిందికీ 15 చుక్కల దూరం చూస్తే 961 చోట్లు. ఒక్కో చోట 256 తీసివేతలు. బొమ్మకి 396 చదరాలు. సెకనుకి 25 బొమ్మలు. గుణించి చూడండి, 243 కోట్లు దాటుతుంది! అందుకే అన్నీ వెతకరు. కొన్ని చోట్లు చూసి, ఎటు పోలిక ఎక్కువగా ఉంటే అటు జరుగుతారు. మనం అడవిలో తప్పిపోయిన మేకని వెతికినట్టే. ప్రమాణంలో విప్పే పద్ధతి మాత్రమే ఖాయంగా రాసి ఉంటుంది. చుట్టేవాడు ఎలా వెతుక్కున్నా వాడిష్టం. నాకు ఇది చాలా తెలివైన పని అనిపించింది. పాత ప్లేయర్ మార్చకుండానే బొమ్మ ఏటేటా బాగుపడవచ్చు.

కానీ నిన్నటి పేజీ చిరిగిపోతే? "నిన్నటిలాగే" అన్నమాటకి అర్థం ఉండదు. సిగ్నల్ మధ్యలో పోయినపుడు ముక్కు ఒకచోట, నోరు ఒకచోట అయ్యేది ఇందుకే. మళ్ళీ పూర్తి బొమ్మ వచ్చేదాకా తప్పు మీద తప్పు పేరుకుంటుంది.

ఇక గళ్ళు. మిగిలిన తేడాల్ని 8 చుక్కల గళ్ళుగా చేసి, ఆ 64 అంకెల్ని వేరే 64 అంకెలుగా మారుస్తారు. మొదటి అంకె గడి మొత్తం సగటు. మిగతావి గడిలో ఎంత ముతక, ఎంత సన్నని మార్పులున్నాయో చెబుతాయి. ఈ మార్పిడిని కనిపెట్టింది బెంగళూరులో పుట్టిన నాసిర్ అహ్మద్ గారు. 1972లో అమెరికాలో ఈ పరిశోధనకి డబ్బు అడిగితే ఇవ్వలేదు. ఆయన మానకుండా టి. నటరాజన్, కె. ఆర్. రావు గార్లతో కలిసి 1974లో వ్యాసం ప్రచురించారు.

మార్చాక ప్రతి అంకెనీ భాగించి పూర్ణాంకం చేస్తారు. 37ని 16తో భాగిస్తే 2, 5ని భాగిస్తే 0. విప్పేటపుడు 32, 0 వస్తాయి. పోయింది పోయినట్టే. సున్నాలు ఎక్కువైతే "ఇక్కడినుంచి అన్నీ సున్నాలే" అని ఒక్క ముక్కలో రాసేయొచ్చు. సిగ్నల్ తక్కువై, కదలిక ఎక్కువైతే ఇంకా పెద్ద అంకెతో భాగిస్తారు. అప్పుడు గడికి ఒక్క సగటే మిగులుతుంది. అవ్వ ముఖం మీద నేను చూసిన గళ్ళు అవే! వీడియో కాల్స్‌లో 2003లో వచ్చిన హెచ్.264 వంటి కొత్త పద్ధతులు వాడతారు. మూలం మాత్రం ఇదే.

అయితే నాకు అసలు విషయం తెలిసింది. చింతకొమ్మల్లో ప్రతి ఆకూ ఊగుతోంది. తమ్ముడు ఫోన్ పట్టుకుని అటూ ఇటూ తిరుగుతున్నాడు. ఉన్న కొద్ది బైట్లూ ఆకులు తినేస్తే అవ్వకి ఏం మిగులుతాయి? తమ్ముడికి కబురు చేశాను, అవ్వని సున్నం గోడ ముందు కూర్చోబెట్టు, ఫోన్‌ని రాయికి ఆనించు, ముట్టుకోకు అని. మీరూ ఇంటికి చెప్పండి.

పోయిన ఆదివారం సిగ్నల్ అంతంతమాత్రమే. అయినా అవ్వ ముడతలు కూడా కనిపించాయి. కళ్ళ కింద వాపు కూడా కనిపించింది. "బాగున్నానురా" అని మళ్ళీ అంది. నేను నాన్నని పిలవమన్నాను. సంత రోజు ఆసుపత్రికి తీసుకెళ్ళారట, రక్త పరీక్ష రాశారట. ఈ ఆదివారం నా వంతు పదకొండోది.