నూరు దేనారాలు చిల్లర కాదు

పఠనం: మత్తయి 18:21-35



తపస్సుకాలం మన పడమటి కర్నూలు ప్రాంతానికి ఎప్పుడూ ఇబ్బంది సమయంలోనే వస్తుంది. విభూది బుధవారం నాటికి కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు వైపు ఎన్నో ఇళ్ళకు తాళాలు పడి ఉంటాయి. జనం సుగ్గికి పోయి గుంటూరు వైపు మిరప చేలల్లో కాయలు కోస్తుంటారు. ఊళ్ళో ముసలివాళ్ళు, బడికి పోయే పిల్లలు మిగులుతారు. ఉగాదికి కాస్త అటూ ఇటూగా తిరిగి వచ్చినవాళ్ళకు రెండు పనులు కాచుకొని ఉంటాయి. ఒకటి, చేసిన బాకీలు తీర్చడం. రెండవది, ఈస్టరుకు పాపసంకీర్తనం చేసుకోవడం. ఈ రెండు పనులకూ మధ్య ఉన్న చుట్టరికాన్ని గురించే ఈ వారం పాఠం.

పరలోక జపాన్ని మనం చిన్ననాటి నుండి చెబుతున్నాము. అందులో క్షమాపణ అడిగేచోట మనం వాడే మాట 'అప్పులు'. పునీత మత్తయిగారు రాసింది కూడా ఆ మాటే. పునీత లూకాగారు అదే చోట 'పాపాలు' అన్నారు. పాపమంటే ఏమిటో చెప్పలేని పిల్లవాడికి కూడా మన ఊళ్ళలో అప్పు అంటే ఏమిటో తెలుసు. ఇంటికి అప్పులవాడు వచ్చినప్పుడు నాయన ముఖం ఎలా మారుతుందో వాడు చూసే ఉంటాడు.

ఇక ప్రభువు చెప్పిన ఉపమానం. తన సహోదరుణ్ణి ఎన్నిమార్లు క్షమించాలి, ఏడుమార్లా అని పేతురుగారు అడిగినప్పుడు యేసుప్రభువు ఒక రాజు కథ చెప్పారు. ఒక సేవకుడు రాజుకు పదివేల తలాంతులు బాకీ. రాజు జాలిపడి ఆ బాకీని కొట్టివేశాడు. ఆ సేవకుడు బయటికి వచ్చీ రాగానే, తనకు నూరు దేనారాలు బాకీపడిన తోటివాడి గొంతు పట్టుకున్నాడు.

ఈ కథను చెప్పేటప్పుడు మనలో చాలామంది ఆ నూరు దేనారాలను చిల్లర డబ్బులు అంటుంటాము. నేను కూడా చాలాకాలం అలాగే చెప్పాను. ఒకసారి లెక్క వేసి చూసుకుంటే ఆ మాట తప్పని తెలిసింది. ఆ రోజుల్లో ఒక దేనారం ఒక కూలివాని ఒకరోజు కూలి. ద్రాక్షతోట పనివారి ఉపమానంలో కూడా అదే కూలి. అంటే నూరు దేనారాలు నూరు రోజుల కూలి. మన లెక్కలో అది దాదాపు ఒక సుగ్గి. భార్యాభర్తలు ఎండలో నడుము వంచి, కారం ఘాటుకు చేతులు మండుతుండగా మూడు నెలలు పైగా సంపాదించినది. ఆ డబ్బును ఎవరైనా ఎగవేస్తే చిల్లర పోయిందని ఎవరంటారు?

మరి పదివేల తలాంతులో? ఒక తలాంతుకు ఆరువేల దేనారాలు. పదివేల తలాంతులంటే 6 కోట్ల దేనారాలు. ఏడాదికి 300 రోజులు పని దొరికినా, తిండికి ఒక్క పైసా వాడుకోకపోయినా, అది తీరడానికి 2 లక్షల ఏళ్ళు పడుతుంది. గలిలయ, పెరయ ప్రాంతాల నుండి హేరోదు అంతిపకు ఏటా వచ్చే పన్ను 200 తలాంతులని యూదు చరిత్రకారుడు జోసెఫసు రాశాడు. ఆ ఏలిక 50 ఏళ్ళ రాబడి అంతా పోసినా ఆ సేవకుని బాకీకి సరిగ్గా సరిపోతుంది, అంతే.

ఇంత బాకీ నెత్తిన పెట్టుకొని ఆ సేవకుడు రాజును ఏమడిగాడో గమనించండి. మాఫీ అడగలేదు. కొంచెం ఓపిక పడితే మొత్తం తీర్చేస్తానని గడువు అడిగాడు. రాజు ఇచ్చింది గడువు కాదు. బాకీనే లేకుండా చేశాడు. కాని ఆ సంగతి అతని మనసుకు ఎక్కలేదని నాకు అనిపిస్తుంది. ఇంకా తానే తీర్చాలనుకుంటున్నాడు. అందుకే వసూళ్ళకు బయలుదేరాడు. రాజు మాటను నిజంగా నమ్మి ఉంటే ఎవరి గొంతూ పట్టుకొనే అవసరం ఉండేది కాదు. అతనిలో లోపించినది జాలి అని చెబుతుంటారు. అంతకంటే ముందు లోపించినది విశ్వాసం.

మన సంగతి కూడా ఇంతే. పునీత పౌలుగారు కొలొస్సీయులకు రాసిన లేఖ రెండవ అధ్యాయంలో, మనకు వ్యతిరేకంగా ఉన్న రుణపత్రాన్ని దేవుడు రద్దుచేసి సిలువకు కొట్టివేశారని చెబుతారు. గ్రీకు మూలంలో ఆ మాటకు బాకీదారు స్వహస్తంతో రాసిచ్చిన పత్రం అని అర్థం. మన భాషలో ప్రోనోటు. ప్రోనోటు తీర్చినవాడు దాన్ని వెనక్కు తీసుకొని చింపేవరకు నిద్రపోడు. మన నోటును తీర్చింది మనం కాదు, రక్షకుడు. ఆయన తన ప్రాణం ఇచ్చి తీర్చారు. ఇది నమ్మడమే క్రైస్తవ విశ్వాసం. ఉపవాసాలూ, సిలువమార్గమూ, గుడికి ఇచ్చే కానుకలూ ఆ నోటుకు కంతులు కావు. కృతజ్ఞతతో చేసేవి.

ఇక్కడ ఒక కష్టమైన ప్రశ్న ఉంది. దిగువకాలువ నీళ్ళ వంతు దగ్గర మాట పడితే సర్దుకుంటాం. గట్టు జరిపితే పెద్దమనుషుల్లో పెట్టుకుంటాం. మా నాయనను చంపినవాణ్ణి కూడా క్షమించమంటారా? సీమ ఊళ్ళలో ఈ ప్రశ్నను తేలికగా తోసిపుచ్చే హక్కు ఏ బోధకునికీ లేదు.

1995 ఫిబ్రవరి 25న మధ్యప్రదేశ్‌లో రాణి మరియ అనే ఫ్రాన్సిస్కన్ క్లారిస్టు మఠకన్యను బస్సులో అందరూ చూస్తుండగా కత్తితో పొడిచి చంపారు. ఆమె కేరళ బిడ్డ. పేద రైతులను వడ్డీవ్యాపారుల బాకీల నుండి బయటపడేలా కూడగట్టడమే ఆమె చేసిన నేరం. పొడిచిన సమందర్ సింగ్‌కు యావజ్జీవ శిక్ష పడింది. ఆమె సొంత చెల్లెలు, తానూ మఠకన్యే అయిన సెల్మీ పాల్, 2002లో రాఖీ పండుగ నాడు జైలుకు వెళ్ళి అతని చేతికి రాఖీ కట్టింది. తర్వాత ఆ కుటుంబమే అతని విడుదల కోసం విన్నపాలు చేసుకుంది. 2006లో అతడు విడుదలయ్యాడు. 2017 నవంబరు 4న ఇండోరులో శ్రీసభ రాణి మరియను ధన్యురాలిగా ప్రకటించింది.

క్రమాన్ని గమనించండి. క్షమాపణ దొరికినా అతడు మరి కొన్నేళ్ళు జైలులోనే ఉన్నాడు. క్షమించడమంటే సాక్ష్యం మార్చడం కాదు. బెదిరించి, కూర్చోబెట్టి చేతులు కలిపించే రాజీకి క్షమాపణ అని పేరు పెట్టకూడదు. చట్టం తన పని చేయాలి. బాధను మరచిపొమ్మని కూడా శ్రీసభ చెప్పదు. తగిలిన గాయాన్ని అనుభవించకుండా ఉండటం, మరచిపోవడం మన చేతిలో లేదని 1992 నాటి సత్యోపదేశ గ్రంథమే ఒప్పుకుంటుంది. మన చేతిలో ఉన్నది మరొకటి: ఆ కక్షను కొడుక్కు ఆస్తిలా రాసి ఇవ్వకపోవడం, ఆ మనిషి పేరు పలికి ప్రార్థించడం. మొదట్లో పెదవులతోనే జరుగుతుంది. అలాగైనా మొదలుపెట్టండి.

పాపసంకీర్తనానికి రావడానికి కొందరు భయపడుతుంటారు. 'స్వామికి చెబితే ఊరంతా తెలుస్తుంది' అనే మాట ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల్లో ఇప్పటికీ వినబడుతుంది. అక్కడ విన్నదాన్ని మాటతో గాని, సైగతో గాని, ఏ కారణం చేత గాని బయటపెట్టడానికి గురువుకు అధికారం లేదు. శ్రీసభ చట్టంలో 983వ సూత్రం అది. అడిగేది పోలీసైనా, పీఠాధిపతులైనా అంతే. గురువు చేయి చాచి పాపవిమోచన వాక్కులు పలుకుతారు. క్షమించేది మాత్రం ఆ నోటును సిలువకు కొట్టిన ప్రభువే.

సుగ్గి నుండి ఈస్టరుకు రాలేనివారు విచారపడనక్కరలేదు. మీరున్న చోటికి దగ్గరలోని విచారణ గురువుల వద్ద పాపసంకీర్తనం చేయవచ్చు. ఆదివారం సగం పూట దొరికినా చాలు. పాపసంకీర్తనానికి వెళ్ళేముందు, ఊళ్ళో మాటలు లేకుండా ఉన్న అన్నకో వదినకో ఒక ఫోను చేయండి. పొలం సంగతి ఎత్తకండి. ముందు పిల్లలు ఎలా ఉన్నారని అడగండి.