ఏడు కిలోల్లో కెమెరా సామాను ఎలా?

ప్రశ్న: మాకు పొన్నూరులో ఫొటో స్టూడియో ఉంది. ఒక పెళ్లి తీయడానికి గన్నవరం నుంచి విమానంలో ఢిల్లీ వెళ్లాలి. కెమెరా సామాను పది కిలోలు దాటుతోంది. చేతి సామాను ఏడు కిలోలే అంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: ముందు ఖాళీ సంచీని తూకం వేయండి. చక్రాల కెమెరా పెట్టె వట్టిదే మూడు కిలోలు తూగొచ్చు. అసలు దొంగ అదే! పలుచని వీపు సంచీలో మెత్తటి అరలు పెట్టుకుంటే సగం బరువు తగ్గుతుంది. సోనీ ఏ7 ఫోర్ బాడీలు రెండు, రెండో తరం జీఎం లెన్సులు 24-70, 70-200 కలిపినా మూడు కిలోలకు కాస్త పైనే. ఫ్లాష్, హార్డ్ డిస్కులకు ఇంకా చోటుంటుంది. ట్రైపాడ్, స్టాండ్లు, ఛార్జర్లు చెకిన్‌లో వేయండి.

విడి బ్యాటరీలు మాత్రం చెకిన్‌లో వేయకూడదు. లిథియం అంటుకుంటే సామాన్ల అరలో ఆర్పడం కష్టం. 100 వాట్ అవర్ల లోపువి చేతి సంచీలో ఉంచుకోవచ్చు. 100 నుంచి 160 వరకైతే విమాన సంస్థ అనుమతితో రెండే. వోల్టులను ఆంపియర్ అవర్లతో గుణిస్తే లెక్క తేలుతుంది: 14.8 వోల్టులు, 6.6 ఆంపియర్ అవర్ల వీ-మౌంట్ దాదాపు 98. కొనలకు టేపు అంటించండి.

హైదరాబాద్‌లో మారి వెళ్లేట్టయితే మొదటిది ఏటీఆర్ విమానమేమో చూసుకోండి. దాని పై అరలు చిన్నవి. మెట్ల దగ్గర సంచీ అడిగితే ముందు బ్యాటరీలు, కార్డులు తీసి దగ్గర పెట్టుకోండి.

జాకెట్ జేబుల్లో లెన్సులు కుక్కే ఉపాయం నాకు నచ్చదు. పెద్ద లైట్లు ఢిల్లీలో అద్దెకు తీసుకోండి.