సంతవీధిలో నిలిచియున్నవారు

పాఠ్యభాగము: మత్తయి 20:1-16



ద్రాక్షతోట యజమానుని ఉపమానమును కృపను గూర్చిన పాఠముగా అనేక మారులు ధ్యానించియున్నాము. ఈ నెల అందులోని ఒక చిన్న సంగతియొద్ద ఆగుదము. సాయంకాలమువరకు సంతవీధిలో ఊరక నిలిచినవారిని యజమానుడు అడిగినప్పుడు, తమకు పని చేతకాదని వారు చెప్పలేదు. తమ్మును పిలిచినవారే లేరనిరి. పనిలేని పడుచువానిని సోమరి యనుటకు మన నోరు త్వరపడును. ఆ యజమానుడు అట్లనక, పనిలోనికి పొమ్మనెను.

మన పల్లెలో చుట్టరికములకు కొదువ లేదు. కష్టము వచ్చిన రాత్రి అన్నము పెట్టువారు ఆ మేనమామలు, వియ్యాలవారే. అయితే అందరును అవే చేలలో కూలికి పోవువారు. వరికోత యంత్రము దిగిన యేట ఒకనికి పని పోయిన అందరికిని పోవును. ఒకనికి తెలిసిన కబురే అందరికిని తెలిసియుండును. పొలము వెలుపలి పని కబురు వెలుపలినుండి రావలసినదే. అమెరికాలో మార్క్ గ్రనోవెటర్ అను సామాజిక శాస్త్రజ్ఞుడు 1973లో ప్రకటించిన వ్యాసములో ఈ సంగతినే చూపెను. తెలిసినవారి మూలముగా ఉద్యోగము దొరికినవారిని విచారింపగా, ఆ తెలిసినవారిని తరచుగా కలిసికొనువారు నూటికి 17 మందే. మిగిలినవారికి దారి చూపినవారు అప్పుడప్పుడో అరుదుగానో కనబడువారు. వారు పట్టణపు ఉద్యోగులు, మనవంటి కూలివారు కారు. అయినను ఆ మాట మన గడపకు సరిపోవును.

ఒంగోలు ప్రాంతమువారు తమ తాతలయొద్ద వినియుందురు. 1876-78 సంవత్సరముల గొప్ప కరవులో ప్రభుత్వము బకింగ్‌హాము కాలువ త్రవ్వించుచుండెను. పని ఉన్నది, కూలి ఉన్నది. అయినను మాదిగవారు ఆ పనికి పోవుటకు జంకిరి; అక్కడి మేస్త్రీలు తిట్టి, వేధించుచుండిరి. యౌవనమున సర్వేపని నేర్చిన మిషనరీ జాన్ క్లౌ దొరగారు మూడు మైళ్ళకు పైబడిన భాగమును తామే కంట్రాక్టుకు తీసికొని, ఆ జనులలోనుండి వచ్చిన ఉపదేశకులనే మేస్త్రీలుగా నిలిపిరి. అప్పుడు ఊళ్ళకు ఊళ్ళు కదలివచ్చెను. ఆ కాలువ గట్టుమీద పిలిచినవాడు ఎరిగినవాడు, అదియే భేదము.

పరిచయమంతయు మేలుచేయునని నేననను. చేతిలో అడ్వాన్సు పెట్టి కుటుంబమంతటిని ఇటుకబట్టీకి కట్టివేయువాడు కూడ తెలిసినవాడే. వెట్టిచాకిరి 1976 నాటి చట్టముచేత నిషేధింపబడినదని మీ బిడ్డలకు చెప్పుడి.

ఇప్పుడు నా తప్పు చెప్పుకొనవలెను. కొన్ని సంవత్సరముల క్రిందట పట్టణములోని ఒక ఫ్యాక్టరీలో ఫిట్టరుకు సహాయకుడు కావలెనని, నాతో సెమినరీలో చదివిన స్నేహితుడు ఫోను చేసెను. నేను వెంటనే సంఘపెద్దగారి కుమారునికి సిఫారసు ఉత్తరము వ్రాసితిని. పల్లె చివరనున్న విధవరాలి కుమారుడు ఐ.టి.ఐ.లో ఫిట్టరు పనియే నేర్చి, ఇంట కూర్చుండియుండెను. అతని పేరు నాకు తోచనేలేదు. ద్వేషముచేత కాదు. పెద్దగారి యింట వారమునకొకమారు కాఫీ త్రాగుదును. ఆ తల్లి యింటికి ఏడాదికొకమారు ప్రార్థనకు వెళ్లుదును. ఆమె ఒక్కమాటే అడిగెను: “అయ్యగారూ, మావాడు మీకు గుర్తు రాలేదా?”

అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయములో సౌలును చూచి అందరును భయపడగా, బర్నబా అతనిని చేరదీసి అతని సంగతి నిజముగా చెప్పెను. నిజముగా అనుటకు కారణమున్నది. త్రాగువానిని త్రాగడని వ్రాసియిచ్చినయెడల, అతని వెనుక పోవు పదిమందికి ఆ తలుపు మూయబడును. అందుకే ఇప్పుడు ఇంటింటికి తిరిగి, ఎవరి బిడ్డకు ఏ పని వచ్చునో ఒక నోటుపుస్తకములో వ్రాసికొనుచున్నాను. నలుబది యేండ్లు దాటిన తరువాత నేర్చిన పాఠమిది.

ఆ విధవరాలి కుమారునికి చివరకు పని చూపినవాడు నేను కాదు. సంతలో రెండుమారులు మాటలాడిన లారీ డ్రైవరు. ఒక వెల్డింగు షాపులో చేర్చెను. మొన్న క్రిస్మసుకు అతడు ఇంటికి వచ్చి, షాపులో ఇంకను ఇద్దరు కావలెనని చెప్పెను. సంఘపెద్దగారి చిన్నకుమారుడును అడుగుచున్నాడు. నోటుపుస్తకములో మరి ఐదు పేర్లు ఉన్నవి. రెండవ ఆదివారము ఆరాధన అయిన పిమ్మట తల్లులు, తండ్రులు అందరును కొంచెము నిలువుడి. ఎవరిని పంపవలెనో అందరము కూర్చుండి చూతము.