నిలిచిన బండి ఎందుకు వేడెక్కుతుంది?

పాలు సేకరించే వ్యాను పని మామూలు బండి పని వంటిది కాదు. ఊరూరా ఆగుతుంది. క్యాన్లు ఎక్కించేదాకా, చీటీ రాసేదాకా ఇంజను ఆడుతూనే ఉంటుంది. మళ్ళీ గతుకుల దారిలో రెండో గేరు మీద కొంత దూరం పోయి మరో సంఘం ముందు నిలుస్తుంది. హైవే మీద పరుగెత్తే కారులో ఏడాదికి గాని బయటపడని లోపం ఈ వ్యానులో ఎండలు ముదరగానే బయటపడుతుంది. సూది ఎర్రగీత చేరడం, ముందు నుంచి ఆవిరి రావడం, డ్రైవరు బిందె పట్టుకొని బోరింగు దగ్గరకు పరుగెత్తడం మన సభ్యులలో చాలామంది చూసే ఉంటారు.

అలా ఆగిన గంట ఎవరి నెత్తిన పడుతుందో గమనించాలి. పిండిన పాలు పశువు ఒంటి వేడితో, అంటే ఇంచుమించు 38 డిగ్రీలతో వస్తాయి. ఆ వేడిలో సూక్ష్మజీవులు అరగంటలోపే రెట్టింపు కాగలవు. బల్క్ కూలరు ఉన్న ఊళ్ళకు ఈ భయం తక్కువే. క్యాన్లలో పంపే మార్గాలలో మాత్రం మొదట ఎక్కించిన సంఘం పాలే అందరికంటే ఎక్కువసేపు బండిలో ఉంటాయి. శీతలీకరణ కేంద్రంలో మరిగించి చూసినప్పుడు ముందుగా విరిగే ప్రమాదం వాటికే. తప్పు బండిది, నష్టం పాలు పోసినవారిది. కనుక ఈ పాఠం డ్రైవర్లకే గాక అధ్యక్షులకు, కార్యదర్శులకు కూడా ఉద్దేశించాము.

బండి వేడెక్కుతోందని డ్రైవరు చెప్పగానే అడగవలసిన ప్రశ్న ఒకటి ఉంది: నిలిచినప్పుడు పైకెక్కిన సూది, బండి పరుగందుకోగానే దిగుతోందా? అవునంటే సగం రోగం తెలిసినట్టే. ఇంజను వేడిని నీరు రేడియేటరుకు మోసుకొస్తుంది. అక్కడి నుంచి ఆ వేడిని గాలి తీసుకుపోవాలి. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతుంటే ఎదురుగాలే ఆ పని చేసిపెడుతుంది. బండి నిలిస్తే గాలిని లాగడానికి ఫ్యాను తప్ప దిక్కు లేదు. అందుచేత నిలిచి వేడెక్కి, పరుగులో చల్లబడే బండిలో ముందుగా ఫ్యానును అనుమానించాలి. వేగంలోను, ఎత్తు ఎక్కేటప్పుడు బరువు మీదను వేడెక్కితే రేడియేటరు లోపలి పూడికను చూడాలి. థర్మోస్టాట్ మూసుకుపోతే నిలిచినా నడిచినా వేడెక్కుతుంది. ఈ తేడా ఏదీ అడగకుండా హెడ్డు విప్పుదామనే మెకానిక్కు చేతిలో సంఘం డబ్బు పెట్టరాదని మా అభిప్రాయం.

ఫ్యానును చూసేముందు, ఇంజను పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు, నీరు సరిపడా ఉందో లేదో చూడండి. వేడి మీద రేడియేటరు మూత ఎన్నడూ విప్పకండి. ఆ మూత లోపలి ఒత్తిడిని నిలిపి, నీటిని 100 డిగ్రీలు దాటినా మరగనివ్వకుండా ఉంచుతుంది. మూత తీసిన క్షణంలో ఆ నీరంతా మరిగి ముఖం మీదికి చిమ్ముతుంది. మూత రబ్బరు పాడైనా నీరు తొందరగా మరుగుతుంది. కొత్త మూతకు పెద్ద ఖర్చేమీ లేదు.

ఇక బండిని నీడలో నిలిపి ఇంజను ఆడనివ్వండి. నేటి కార్లలో, చిన్న వ్యాన్లలో ఎక్కువగా కరెంటు ఫ్యానే ఉంటుంది. నీటి వేడి సుమారు 90–100 డిగ్రీల మధ్యకు రాగానే అది దానంతట అది తిరగాలి. సూది సగం దాటి పైకి పోతున్నా తిరగలేదంటే ఇంజను ఆపి ఫ్యూజు, రిలే, వైర్ల కొక్కెం చూడాలి. ఆ తరువాత మెకానిక్కు చేత ఫ్యాను మోటారుకు బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు ఇప్పించండి. తిరిగితే మోటారు మంచిదే, లోపం స్విచ్చులోనో వైర్లలోనో ఉంది. తిరగకపోతే మోటారే పోయింది. చేతితో తట్టితే తిరిగే మోటారు బ్రష్షులు అరిగినది. అది రేపు దారిలో ఆగుతుంది. ఎంత వేడి మీదైనా కరెంటు ఫ్యాను దగ్గర వేళ్ళు పెట్టరాదు, ఇంజను ఆపిన తరువాత కూడా అది తిరగవచ్చు.

తిరిగినంత మాత్రాన సరిపోదు. ఫ్యాను ఆడుతుండగా రేడియేటరు ముందువైపు ఒక కాగితం పెట్టి చూడండి. కాగితం జాలీకి అతుక్కోవాలి. బయటికి ఎగిరిపోతే వైర్లు తారుమారై ఫ్యాను ఎదురు తిరుగుతోందన్నమాట. మోటారు మార్చిన కొత్తలో ఇది జరుగుతుంటుంది.

బెల్టుతో తిరిగే ఫ్యానైతే బెల్టు బిగువు చూడాలి. కొన్నింటిలో ఫ్యాను మధ్య జిగట నూనెతో పనిచేసే క్లచ్చు ఉంటుంది. వేడి ఇంజను ఆపి ఫ్యానును చేతితో తిప్పితే బిగువుగా ఉండాలి. గిరగిరా తిరుగుతూ పోతే ఆ క్లచ్చు పని అయిపోయింది.

ఫ్యాను చుట్టూ ఉండే తొడుగును చాలామంది లెక్కచేయరు. ఒకసారి విప్పిన తొడుగు షెడ్డు మూలనే ఉండిపోతుంది. అది లేకుంటే ఫ్యాను రేడియేటరు గుండా కాక పక్కల నుంచి గాలి లాగుతుంది. అలాగే కోతల కాలంలో పొట్టు, దుమ్ము, పురుగులు రేడియేటరు రెక్కల మధ్య చేరి గాలిని ఆపుతాయి. ఇంజను వైపు నుంచి బయటికి నీళ్ళు మెల్లగా కొట్టి కడగాలి. జోరుగా కొడితే రెక్కలు వంగిపోతాయి.

ఇవన్నీ బాగున్నా వేడి తగ్గకపోతే వాటర్ పంపును చూపించండి. నీరు ఊరికే తగ్గిపోతున్నా, ఇంజను నూనె మజ్జిగలా తెల్లబడినా గాస్కెట్ సంగతి. అప్పుడు బండిని నడపనే కూడదు. బోరు నీరు చవుడుగా ఉండే ఊళ్ళలో ఆ నీరే ఏళ్ళ తరబడి పోస్తే టీ గిన్నెలో మాదిరి రేడియేటరు లోపల సున్నం కడుతుంది. కంపెనీ చెప్పిన కూలెంటే పోయించండి.

దారిలో సూది ఎర్రగీత వైపు పోతుంటే ఏ.సి. ఆపి, హీటరు ఉంటే పూర్తిగా తిప్పండి. ఇంజను వేడి కొంత బండిలోకి వస్తుంది, చెమట పడుతుంది గాని ఇంజను బతుకుతుంది. ఎర్రగీత తాకితే పక్కకు తీసి ఆపివేయాలి. వేడి ఇంజనులో చన్నీళ్ళు పోస్తే హెడ్డు పగలవచ్చు, కనీసం అరగంట ఆగాలి. ఈలోగా శీతలీకరణ కేంద్రానికి, తరువాతి సంఘానికి ఫోను చేసి, మరో బండి వచ్చేదాకా క్యాన్లను చెట్టు నీడకు దించి తడి గోనెలు కప్పండి. ఐసు ముక్కలు పాలలో వేయకండి. అది నీళ్ళు కలిపినట్టే.