పోడుచేని మన్ను

భద్రాచలము దిగువన గోదావరికి ఇరుదరులనున్న పాపికొండలలో కొండరెడ్ల జీవనమును, పోడు సేద్యమును హైమన్‌డార్ఫ్ అను పరిశోధకుడు పరిశీలించి 1945లో గ్రంథముగా ప్రకటించెను. ఆ సేద్యము తెలివితక్కువది కాదు. చెట్లు నరికి కాల్చినచో బూడిదలోని పొటాషు, సున్నము పైరుకందును. నత్రజని మాత్రము చాలవరకు పొగతో పోవును. అందుచేతనే పెద్దలు కొన్నేండ్లకు చేను వదలి అడవిని మరల పెరుగనిచ్చెడివారు. ఆ విరామము తగ్గినకొలది వాలులో మన్ను నిలువదు.

నా మాట నమ్మనక్కరలేదు. జోరువాన కురిసిన దినమున పోడుచేని నీరు ఒక సీసాలోను, పక్క అడవినుండి పారు నీరు అంతే సీసాలోను పట్టి, రాత్రంతా కదల్చక ఉంచుడు. తెల్లవారి అడుగున పేరిన మన్ను సరిపోల్చుడు.

చేని సీసాలో మన్ను మందముగా ఉన్నచో, రాబోవు వేసవిలోనే వాలుకు అడ్డముగా రాళ్లు వరుసగా పేర్చి, తొలకరికి వాటి వెంబడి కంది విత్తుడు. రాళ్లు చాలనిచోట దుంగలను కాల్చక అడ్డము వేసినను మేలే.