బంతి జెముడు – దాన్ని పెంచే విధానం

మన వరండా గోడ మీద మట్టికుండీలో బంతి లాంటిది ఒకటి ఉంది కదా. అది కాయ కాదు, రాయి కాదు, చెట్టే. సైన్సు మేడమ్ నర్సరీ నుంచి తెచ్చినారు. పేరు యుఫోర్బియా ఒబేసా. లాటిన్ భాషలో ఒబేసా అంటే లావుగా ఉండేది అని అర్థం.

కొందరు దీన్ని నాగజెముడు పిల్ల అంటున్నారు. కాదు. నాగజెముడు కాక్టస్ జాతి. అమెరికా ఖండం నుంచి వచ్చింది. దాన్ని కోస్తే తెల్లపాలు రావు. మన గుట్టల్లో ఉండే బొంతజెముడును గిల్లితే పాలు కారతాయి. ఒబేసాకూ అంతే. కాబట్టి ఇది బొంతజెముడుకు చుట్టం. ముళ్లు లేవు. ఒంట్లోనే నీళ్లు దాచుకుంటుంది.

దీని సొంత ఊరు దక్షిణాఫ్రికాలోని కరూ అనే మెట్ట ప్రాంతం. 1903లో హుకర్ అనే శాస్త్రవేత్త దీనికి పేరు పెట్టినాడు. వింతగా ఉందని జనం ఎగబడి తవ్వుకొని పోయినారు. కొద్ది ఏళ్లలోనే అక్కడ అరుదైపోయింది. తర్వాత చట్టం చేసి కాపాడినారు. ఇప్పుడు నర్సరీల్లో విత్తనాలతో పెంచుతున్నారు.

పెంచే విధానం:

1. కుండీకి అడుగున చిల్లి ఉండాలి. సగం మట్టి, సగం గరుకు ఇసుక కలపాలి.

2. మట్టి లోపలిదాకా ఎండినాకే నీళ్లు పోయాలి. వేలు పెట్టి చూడండి. తడి తగిలితే పోయొద్దు. దీన్ని చంపేది ఎండ కంటే ఎక్కువగా నీళ్లే. వేరు కుళ్లితే అడుగు మెత్తబడుతుంది.

3. పొద్దుటి ఎండ మంచిది. ఏప్రిల్, మే నెలల్లో మిట్టమధ్యాహ్నం ఎండకు ఒళ్లు కాలి మచ్చలు పడతాయి. అప్పుడు నీడకు జరపాలి.

4. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు వానలు. 2021 నవంబరులో తిరుపతిలో వీధులే మునిగినాయి. ఆ నెలల్లో కుండీ చూరు కిందే ఉండాలి.

5. పాలు కంట్లో పడితే ప్రమాదం. వెంటనే నీళ్లతో బాగా కడిగి డాక్టరు దగ్గరికి పోవాలి. ఎవరూ గోటితో గిల్లొద్దు.

ఇందులో మగ చెట్టు వేరు, ఆడ చెట్టు వేరు. పూస్తే గాని తెలీదు. రెండూ ఉంటేనే విత్తనం. కాయ పండితే టప్పున పగిలి గింజలు దూరంగా ఎగిరిపోతాయి. అందుకని ముందే దోమతెర గుడ్డ కట్టాలి. మామూలుగా దీనికి పిలకలు రావు. తవ్వుకొని పోతే ఆ చోట ఇంకేమీ మిగలదు.

మన కొండల్లో కుందేటి కొమ్ములు ఉన్నాయి. అదీ ఒంట్లో నీళ్లు దాచుకునే మొక్కే. పలకలుగా ఉంటుంది. ఒక రకానికి పూలన్నీ కలిసి బంతిలాగా పూస్తాయి. వాసనకు ఈగలు ముసురుతాయి. మా అవ్వ వాళ్లు కూరకు కొనలు మాత్రమే తుంచుతారు. వేరు ముట్టుకోరు. మళ్లీ చిగురు పెడుతుంది అంటారు. ఈమధ్య మనలో కొందరు వేరుతో పెరికి తెస్తున్నారు. దాని అవసరమే లేదు. ఒక ముక్క తుంచి, రెండు మూడు రోజులు నీడలో ఆరబెట్టి, ఇసుక మట్టిలో నాటితే వేరు పట్టుకుంటుంది.

కరూలో ఒకప్పుడు జరిగింది మన గుట్టలో జరగకూడదు. వార్డెన్ గారు ఒప్పుకుంటే బావి పక్కన కుందేటి కొమ్ములకు ఒక మడి కడదాం. ముక్కలు నేను తెస్తాను. పాత కుండలు మీరు తీసుకురండి.

– 9వ తరగతి విద్యార్థిని